సెప్టెంబరు 19 మన పండుగ కాదా?

వార్తాపత్రికల్లో 'చరిత్రలో ఈ రోజు' అని ఒక చిన్న శీర్షిక వస్తూంటుంది. ఫలానా రాజు పుట్టాడు, ఫలానా వంతెన కట్టారు, ఫలానా ఆటగాడు ఫలానా రికార్డు బద్దలు కొట్టాడు అని నాలుగు ముక్కలుంటాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్లు అర నిమిషంలో చదివేసి మడిచి పారేస్తారు. కాని మిత్రులారా, ఆ నాలుగు ముక్కల్నే కాస్త నిదానంగా చదివి, ఎవరి పేరు ముందొచ్చింది, ఎవరి పేరు చివరికి పోయింది, ఎవరి పేరు అసలే రాలేదు అని లెక్క వేసి చూడండి. ఒక జాతి దేన్ని గొప్ప అనుకుంటోందో, దేన్ని మరచిపోతోందో తేటతెల్లమవుతుంది. అందుకే క్యాలెండరులోంచి ఒకే ఒక్క తేదీని తీసి మీ ముందు పెడుతున్నాను. ఆ తేదీ సెప్టెంబరు 19. ఆ తేదీతో మనకి, అంటే ఎచ్చెర్లలో చదువుకుంటున్న మనకి, ఉన్న బంధుత్వం ఏమిటో చెప్పడమే నా ఉద్దేశ్యం.

ముందు ఆ తేదీన ఆటల ప్రపంచంలో జరిగినవాటిలో కొన్ని వరసగా చెబుతాను.

1988 సెప్టెంబరు 19. సియోల్ ఒలింపిక్స్. అమెరికా డైవింగ్ వీరుడు గ్రెగ్ లుగానిస్ మూడు మీటర్ల స్ప్రింగ్‌బోర్డు మీంచి వెనక్కి గిరికీ కొడుతూ దూకినప్పుడు తల బోర్డుకి తగిలింది. నెత్తురు కారింది, కుట్లు పడ్డాయి. కాసేపటికే మళ్లీ అదే బోర్డెక్కి మిగిలిన డైవులు పూర్తి చేశాడు.

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్. ఈత కొలనులో ఆ రోజు రెండు సంగతులు జరిగాయి. 100 మీటర్ల ఫ్రీస్టయిల్ సెమీఫైనల్లో హాలండు దేశస్థుడు పీటర్ వాన్ డెన్ హూగెన్‌బాండ్ 47.84 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అదే పోటీ తొలి వడపోతలో ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ అనే చిన్న దేశం నుంచి వచ్చిన ఎరిక్ మూసంబానీ, అదే దూరాన్ని ఒక నిమిషం 52.72 సెకన్లలో ఈదాడు. అతనితో పాటు ఈదవలసిన ఇద్దరూ ముందే దూకేసి అనర్హులయ్యారు. ఒక్కడే ఈదాడు. చివరి కొసలో మునిగిపోతాడేమోనని చూసినవాళ్లు హడలిపోయారు. ఆ తరువాత చప్పట్లతో కొలను దద్దరిల్లింది.

అదే రోజు, అదే సిడ్నీలో, మరో హాలులో, మహిళల 69 కిలోల విభాగం వెయిట్‌లిఫ్టింగ్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలుచుకుంది. ఒక భారతీయ మహిళ గెలిచిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం అదే. సిడ్నీ నుంచి భారతదేశం తెచ్చుకున్న ఒకే ఒక్క పతకం కూడా అదే.

2007 సెప్టెంబరు 19. దక్షిణాఫ్రికాలోని డర్బన్. మొదటి ట్వంటీ ట్వంటీ ప్రపంచ కప్పులో ఇంగ్లండుతో మ్యాచ్. స్టువర్ట్ బ్రాడ్ వేసిన 19వ ఓవరులో యువరాజ్ సింగ్ ఆరు బంతులకి ఆరు సిక్సర్లు బాదాడు. 12 బంతుల్లో అర్ధశతకం. భారత్ 218 చేసింది, 18 పరుగులతో గెలిచింది.

ఇదీ జాబితా. ఇప్పుడు నా ప్రశ్న. సెప్టెంబరు 19 వచ్చిందంటే దేశమంతటా దేన్ని తలుచుకుంటున్నారు? ఆరు సిక్సర్లని. ఏటేటా ఆ ఆరు బంతులూ మళ్లీ మళ్లీ చూపిస్తారు. చూపించనీయండి, నాకేమీ కడుపుమంట లేదు. యువరాజ్ ఆట నేనూ నోరు తెరుచుకుని చూసేదాన్నే. కాని మన జిల్లాలో, మన క్లాసుల్లో, మన హాస్టళ్లలో కూడా ఆ తేదీకి ఆ ఒక్క సంగతే గుర్తుంటే, అది మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఎందుకంటే ఊసవానిపేట ఎక్కడో లేదు. ఆముదాలవలస పక్కన ఉంది. మనలో ఎందరో రైలెక్కే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆముదాలవలసలోనే కదా! మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబులు. ఇంట్లో అక్కచెల్లెళ్లందరూ బరువులెత్తినవాళ్లే. పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర ఆమె శిక్షణ మొదలయింది. ఆ తరువాత ఢిల్లీ జాతీయ శిబిరం. 1994లోనూ, 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1994లో అర్జున అవార్డు, తరువాత ఖేల్ రత్న, 1999లో పద్మశ్రీ. ఇన్ని వచ్చినా ఆమె ఒలింపిక్స్‌కి పోలేకపోయింది. ఎందుకో తెలుసా? 1896 ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే మగవాళ్లకి బరువులెత్తే పోటీ ఉంది. ఆడవాళ్లకి ఆ పోటీ పెట్టడానికి ఒలింపిక్స్ వారికి 104 సంవత్సరాలు పట్టింది. సిడ్నీలోనే మొదటిసారి పెట్టారు. తలుపు తీసిన మొదటి ఏడాదే మన జిల్లా అమ్మాయి లోపలికి వెళ్లి పతకంతో బయటికొచ్చింది. అంతకుముందు స్వతంత్ర భారతంలో వ్యక్తిగత పోటీల్లో పతకం తెచ్చినవారు ఇద్దరే: 1952లో మల్లయోధుడు జాదవ్, 1996లో టెన్నిస్‌లో లియాండర్ పేస్. మూడో పేరు ఊసవానిపేటది.

అయితే తేదీల జాబితాకి ఒక జబ్బు ఉంది. అది ఒక్క రోజుని మాత్రమే చెబుతుంది. ముందు రోజుల్నీ వెనక రోజుల్నీ మింగేస్తుంది.

యువరాజ్ సంగతే చూడండి. డర్బన్‌కి సరిగ్గా రెండు వారాల ముందు, సెప్టెంబరు 5న లండన్ ఓవల్ మైదానంలో అదే యువరాజ్ బౌలింగ్‌లో మస్కరెన్హాస్ అనే ఇంగ్లండు ఆటగాడు వరసగా అయిదు సిక్సర్లు కొట్టాడు. ఆ అయిదు తిన్నవాడే ఈ ఆరు కొట్టాడు. ఇక ఆ ఆరూ తిన్న బ్రాడ్ అప్పటికి 21 ఏళ్ల కుర్రవాడు. ఆ రోజుతో అతని పనయిపోయిందనుకున్నారు. అతను 2023లో ఆట విరమించేనాటికి టెస్టుల్లో 604 వికెట్లు తీశాడు. లుగానిస్ తలకి దెబ్బ తగిలిన తేదీ సెప్టెంబరు 19, బంగారు పతకం గెలిచిన తేదీ సెప్టెంబరు 20. దెబ్బ గుర్తున్నవాళ్లలో మర్నాటి సంగతి ఎందరికి గుర్తుంది?

మూసంబానీ గురించి మన పత్రికలు కూడా అప్పుడు నవ్వులాటగానే రాశాయి. అతను ఈత నేర్చి ఏడాది కూడా కాలేదు. వాళ్ల ఊళ్లో ఒక హోటలు వారి చిన్న కొలనులో సాధన చేశాడు. 50 మీటర్ల కొలనుని కంటితో చూడడమే సిడ్నీలో మొదటిసారి. ఆ తరువాత సాధన మానలేదు. నాలుగేళ్లలో అదే 100 మీటర్లని 57 సెకన్ల లోపు ఈదే స్థితికి వచ్చాడు. అంటే సిడ్నీలో పట్టిన కాలంలో దాదాపు సగం! తరువాత తన దేశపు ఈతగాళ్లకే శిక్షకుడయ్యాడు. నవ్వినవాళ్ల జాబితాలో ఈ ముక్క ఉండదు.

మల్లీశ్వరి 240 కిలోల వెనక కూడా ఇలాంటి ముక్క ఒకటుంది. బంగారం గెలిచిన చైనా అమ్మాయి లిన్ వైనింగ్, వెండి గెలిచిన హంగరీ అమ్మాయి మార్కుష్, ఇద్దరూ ఎత్తింది సమానమే, 242.5 కిలోలు. ఒంటి బరువు తక్కువ కాబట్టి లిన్‌కి బంగారం ఇచ్చారు. మన అమ్మాయికీ బంగారానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు! చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకి సిద్ధపడింది. లేవలేదు. ఉన్న కంచుతో సరిపెట్టుకుని ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. నన్నడిగితే, ఎత్తిన 130 ఎంత గొప్పదో ఎత్తలేకపోయిన 137.5 కూడా అంత గొప్పదే. ఆ ఎత్తని బరువు గురించి ఏ 'చరిత్రలో ఈ రోజు'లోనూ రాయరు.

ఇంత చెప్పాక, నాకు తరచూ ఎదురయ్యే మూడు ఆక్షేపణలకి జవాబు చెప్పాలి.

మొదటిది. "ఆవిడ ఎప్పుడో ఇక్కడినుంచి వెళ్లిపోయింది. పెళ్లి చేసుకుని హర్యానాలో స్థిరపడింది. ఇంకా మనదేమిటి?" ఇది చాలామంది అనే మాట. నిజమే, వెళ్లిపోయింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యింది. కాని శ్రీకాకుళం జిల్లాలో వెళ్లనివాళ్లెవరు? మన ఇళ్లలో సగం మంది విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో, ఓడరేవుల్లోనో, గల్ఫు దేశాల్లోనో ఉన్నారు. వాళ్లు మనవాళ్లు కాకుండా పోయారా? సంక్రాంతికి రాలేదని అన్నదమ్ముల పేర్లు ఇంటి లెక్కలోంచి కొట్టేస్తామా? వెళ్లిపోయిందని నిష్ఠూరమాడే బదులు, ఆ వయసు పిల్ల ఇక్కడే ఉండి సాధన చేసుకునేందుకు మనం ఏం పెట్టాం అని అడగడం న్యాయం.

రెండోది. "పాతికేళ్ల నాటి మాట, ఇంకా ఎన్నాళ్లు?" దీనికి జవాబు మనలోనే ఉంది. ఈ సావనీర్ చదివే విద్యార్థినీ విద్యార్థుల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. పుట్టకముందు జరిగిన ఘనకార్యం గురించి ఎవరో ఒకరు చెబితేనే కదా తెలిసేది! మల్లీశ్వరి తరువాత మరో భారతీయ మహిళ ఒలింపిక్ పతకం గెలవడానికి 12 ఏళ్లు పట్టింది. 2012లో సైనా నెహ్వాల్, మేరీ కోమ్ గెలిచారు. మన తెలుగమ్మాయి సింధు 2016లో వెండి తెచ్చింది. బరువులెత్తడంలో మళ్లీ పతకం రావడానికి ఏకంగా 21 ఏళ్లు పట్టింది, 2021లో మీరాబాయి చాను వెండి గెలిచేదాకా. ఇంత అరుదైన పంటని పాతబడిందని పారబోసుకునే రైతు ఉంటాడా?

మూడోది. "ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం ఉంది కదా, మళ్లీ ఇంకొకటి దేనికి?" ఉంది. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. ఆయనకి వెయ్యి దండాలు. కాని మన క్యాలెండరు నిండా పుట్టినరోజులూ వర్ధంతులే. పుట్టడంలో ఎవరి గొప్పా లేదు, ఎవరైనా ఏదో ఒక తేదీన పుట్టవలసిందే. సెప్టెంబరు 19 పుట్టినరోజు కాదు. చెమటోడ్చి సంపాదించుకున్న రోజు. యువతకి చూపించవలసింది అలాంటి రోజు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ప్రాంతానికి బలం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడని దేశమంతా కొనియాడింది. ఛాతీకి చుట్టిన గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచేవారని మన తాతలు కథలుగా చెప్పేవారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లెటూరిలో బరువులెత్తడం ఇంటింటి విద్య. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడల్లో పతకం తెచ్చింది. కనుక 'మనవాళ్లకి సత్తువ లేదు' అనే మాట చెల్లదు. లేనిది సత్తువ కాదు, సదుపాయం. అంతకన్నా ముఖ్యంగా, ఆడపిల్లకి సాయంత్రం పూట ఒక గంట కాలం.

నేను డిగ్రీ చదివిన చోట (పేరు అనవసరం) షాట్‌పుట్ గుండుని ఆఫీసు గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవారు. మూడేళ్లలో ఆ గుండు నాలుగు అడుగులు కూడా ఎగరలేదు. ఏటా ఆటల ఫీజు మాత్రం కట్టించుకునేవారు. మగపిల్లలు ఎలాగో బంతీ బ్యాటూ కొనుక్కుని ఆడుకునేవారు. మేం గట్టు మీద కూర్చుని చూసేవాళ్లం. మేం ఆడతామంటే ఎవరూ వద్దనలేదు. కాని ఎవరూ రమ్మనలేదు కూడా. చాలామంది ఆడపిల్లల ఆటలు ఈ 'వద్దనలేదు, రమ్మనలేదు' మధ్యనే అణగారిపోతున్నాయని నా నమ్మకం.

ఇంటి దగ్గర సంగతి సరేసరి. ఒకసారి సెలవులకి వెళ్లినప్పుడు, కాలేజీలో బరువులెత్తడం నేర్చుకోవాలని ఉందన్నాను. మా వీధిలో ఒక పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది.

"ఆడగుంటకి ఈ బరువులేటమ్మా? రేపు నడుం పట్టేస్తే నిన్నెవడు సేసుకుంటాడే?"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నెత్తి మీద గడ్డిమోపు ఉంది! నేను నవ్వి, "నీ నెత్తి మీదున్నదేటి పిన్నీ?" అన్నాను. ఆవిడ కూడా నవ్వేసింది. "ఇది పనే, అది ఆట గదా" అంది.

ఆ ఒక్క మాటలో మన సమాజం మొత్తం కనిపించింది నాకు. ఆడది బరువెత్తకూడదని ఎవరూ అనుకోవడం లేదు. గడ్డిమోపు ఎత్తవచ్చు, నీళ్ల బిందె ఎత్తవచ్చు, ధాన్యం బస్తాకి చెయ్యి వేయవచ్చు, ఇటుకల తట్ట మోయవచ్చు. తన కోసం, తన పేరు మీద ఎత్తకూడదు, అంతే. సిడ్నీలో మల్లీశ్వరి చేసినది ఏమిటంటే, తరతరాలుగా మన ఆడవాళ్లు లెక్కాపత్రం లేకుండా ఎత్తుతున్న బరువుకి మొదటిసారి ఒక లెక్క రాయించింది. 110, 130, మొత్తం 240. పక్కన తన పేరు.

కనుక యూనియన్ వారికి నా విన్నపం. వచ్చే సెప్టెంబరు 19ని మన కాలేజీలో జరుపుదాం. వేదిక వద్దు, ముఖ్య అతిథి వద్దు, శాలువా వద్దు, ఉపన్యాసం అసలే వద్దు. ఆ డబ్బుతో నేను చెప్పే మూడు పనులు చేయండి.

ఒకటి. ఒక బార్, కొన్ని ప్లేట్లు, వాటిని ఎలా పట్టుకోవాలో తెలిసిన ఒక మనిషి. మూడోది లేకుండా మొదటి రెండూ కొనవద్దు. తెలియకుండా ఎత్తితే నిజంగానే నడుం పడుతుంది, ఆ పెద్దావిడ మాటే గెలుస్తుంది.

రెండు. ఆ రోజు నుంచి ఏడాది పొడుగునా సాయంత్రం ఒక గంట గ్రౌండు ఆడపిల్లలదని నోటీసు బోర్డులో టైముతో సహా రాసి పెట్టండి. ఊరి బస్సుల వేళలూ, హాస్టలు గేటు మూసే వేళా చూసుకుని మరీ ఆ గంటని నిర్ణయించండి. లేకపోతే కాగితం మీద గంట కాగితం మీదే ఉంటుంది.

మూడు. ఒక రిజిస్టరు పెట్టండి. ఏటా సెప్టెంబరు 19న ఎవరైనా వచ్చి, ఎత్తినా, దూకినా, విసిరినా, పరిగెత్తినా, కొలిచి అందులో పేరూ అంకే రాయాలి. బహుమతులు అక్కరలేదు. ఆడవాళ్ల పోటీల బార్ ఉత్తిదే 15 కిలోలుంటుంది. మొదటి ఏడాది ఒక అమ్మాయి ఆ ఉత్త బార్‌నే ఎత్తితే 15 అని రాయండి, సిగ్గేమీ లేదు. ఒక నిమిషం 52.72 సెకన్లు కూడా ఒలింపిక్ పుస్తకంలో ఉన్న అంకే. మరుసటి ఏడాది అదే అమ్మాయి వచ్చి 20 అని రాయించుకుంటే, ఆ రెండు అంకెల మధ్య ఒక సంవత్సరం చెమట ఉంటుంది. 'చరిత్రలో ఈ రోజు' మింగేసే ముందు వెనకల్ని మన రిజిస్టరు దాచిపెడుతుంది.

ఆంధ్రా యూనివర్సిటీ పి.జి. సెంటరుగా మొదలైన మన చోటు 2008లో అంబేద్కర్ గారి పేరుతో విశ్వవిద్యాలయం అయ్యింది. తనది కాదని ఇతరులు మూసేసిన తలుపుల్ని చదువుతో తెరిపించుకున్న మహనీయుని పేరు అది. ఆ పేరు గేటు మీద రాసుకున్న చోట ఒక గ్రౌండు తలుపు ఆడపిల్లలకి తెరవడం పెద్ద పనా? కాదనే నా నమ్మకం.

ఇది యూనియన్ వారి శక్తికి మించిన కోరిక అంటారా? రిజిస్టరు పుస్తకం ఖరీదు ఒక శాలువా ఖరీదులో పదోవంతు కూడా ఉండదు. మీరు పుస్తకం కొనండి, గీతలు నేను గీస్తాను. మొదటి పేరు ఎవరిదైనా సరే.